గింజలు పోసే చెయ్యి

హెస్లిప్ మిల్లు దారిన పొద్దుగూకాక ఎవరూ రారు. స్టేషన్ ఊరి నుంచి పాలబండి తోలే మర్డో అని ఒకడున్నాడు. తాగితే ఎలుగుబంటిని కూడా వరస పెట్టి పిలిచే రకం. వాడు సైతం మిల్లు మలుపు దగ్గరికి రాగానే టోపీ చెవుల మీదికి లాక్కుని, గుర్రాన్ని ఒక్కటి వేసి, బైబిల్లో తనకొచ్చిన ఒకే ఒక్క వాక్యం నాలుగుసార్లు చదువుకుంటూ దాటిపోతాడు. అది పెళ్ళిళ్ళలో చదివే వాక్యం. ఆ సంగతి వాడికి నేనింకా చెప్పలేదు.

అంత భయం దేనికంటే... గంటకి.

పెద్ద గంటేం కాదు. గొర్రె మెడలో కట్టేంతది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, గాలి కదలని చలికాలపు రాత్రి దాని చప్పుడు వాగు వెంట చాలా దూరం వెళుతుంది. ఒక్కసారి — తింగ్. అంతే. మళ్ళీ రెండు మూడు రోజుల దాకా మాట్లాడదు.

చక్రం ఆగిపోయి ఇరవై ఏళ్ళయిన మిల్లు. వాగు వైపు తలుపుకి తాళం. చుట్టూ ఊరనేది లేదు. ఇళ్ళుండిన చోట నేలమాళిగల గోతులు, వాటి పక్కన ఎవరో ఒకప్పుడు ముచ్చటపడి నాటుకున్న పూలపొదలు మాత్రం ఉన్నాయి. మరి ఆ గంట ఎవరు మోగిస్తున్నారు?

ఎప్పుడో మంచులో పోయిన ఎబెన్ అంటారు జనం. వీపున గోధుమ బస్తాతో వచ్చాడని, పిండి ఆడించి ఇస్తే గానీ పోడని.

అలా కాదని తెలుసుకున్న మనిషి ఒక్కడే — సైలస్ పొలాక్. ఈ కథ నేను అతని నోటి నుంచే విన్నాను. ఎన్నిసార్లు చెప్పించుకున్నా మాట మారలేదు. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట తోక పెరిగేది.

ముందు ఎబెన్ సంగతి చెప్పాలి. ఎందుకంటే ఈ మిల్లు కట్టింది అతని చావు మీద.

అప్పటికి ఇక్కడ ఊరు లేదు, అడవే. సముద్రం దాటొచ్చిన పదకొండు కుటుంబాలు చెట్లు కొట్టుకుని, మొద్దుల మధ్య గోధుమ చల్లుకుని బతుకుతుండేవి. పండించడం ఒక ఎత్తు, పిండి చేసుకోవడం ఒక ఎత్తు. దగ్గర్లో ఉన్న మిల్లు ఇరవై రెండు మైళ్ళు. దారి కూడా లేదు, చెట్ల మీద గొడ్డలి గాట్లే దారి. బస్తా వీపున వేసుకుని పోవడం, వంతు కోసం కాచుకోవడం, మళ్ళీ మోసుకుని రావడం. పోలేని వాళ్ళు మొద్దుని కాల్చి గుంట చేసి, అందులో మొక్కజొన్న దంచుకునేవాళ్ళు.

రెండో చలికాలం ఆ మొక్కజొన్న కూడా అయిపోయింది. ఎబెన్ అందరి ఇళ్ళలో మిగిలిన గోధుమలు ఒక బస్తాకెత్తుకుని బయల్దేరాడు. తిరిగొస్తుండగా మంచు తుఫాను పట్టుకుంది.

వసంతంలో మంచు కరిగాక దొరికాడు. ఇంటికి అర మైలు దూరంలో, ఒక పైన్ చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద కోటు లేదు. కోటు విప్పి పిండి బస్తాకి చుట్టాడు. మనిషి గడ్డకట్టుకుపోయాడు గానీ పిండి తడవలేదు.

అతని భార్య తబితాకి అప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఆ పిండితోనే రొట్టెలు కాల్చి పదకొండు ఇళ్ళకీ పంచింది. చేతులెలా వచ్చాయమ్మా నీకు అని తర్వాత ఎవరో అడిగారట. "పిల్లలు ఆకలితో ఉంటే పిండిని కూడా పాతిపెట్టమంటావా?" అందట.

ఆ వేసవిలోనే ఆమె అన్న ఆడమ్ హెస్లిప్ వాగుకి కట్ట వేశాడు. ఇక ఈ లోయలో పిండి కోసం మనిషి చావకూడదని పంతం పట్టాడు. తిరగలి రాళ్ళు ఎడ్ల మీద అడవిలోంచి లాక్కురావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఎబెన్ పశువుల పాక కోసమని నరికి ఆరబెట్టుకున్న పైన్ మాను మిల్లుకి నడి దూలమైంది. కొండకి ఆనించి కట్టారు. వాగు వైపు నుంచి చూస్తే మూడంతస్తులు. కొండ వైపు నుంచి వస్తే పై అంతస్తు నేలకి సమానంగా ఉంటుంది. బస్తాల బండ్లు అటే వచ్చేవి.

ఆడమ్ తొట్టికి గంట కట్టాడు. అది పాత పద్ధతే. గింజల తొట్టి అడుగున ఒక తోలుపట్టీ ఉంటుంది. గింజల బరువుకి పట్టీ బిగిసి గంటని పైకి లాగి పట్టుకుంటుంది. గింజలు అయిపోవస్తే పట్టీ వదులై గంట జారి మోగుతుంది. ఎందుకంటే, గింజ లేకుండా రాయి రాయి ఒరుసుకుంటే నిప్పు పుడుతుంది. పిండి దుమ్ముకి అంటుకుందంటే మిల్లు మిగలదు. కాబట్టి ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు పుట్టింది — గంట వినపడితే ఎవరు దగ్గరుంటే వాళ్ళు పరిగెత్తి గింజలు పొయ్యాలి. మిల్లువాడు వస్తాడులే అనుకోకూడదు. ప్రసంగం మధ్యలో గంట మోగితే పాదిరిగారే పరిగెత్తిన ఆదివారం ఉంది. పెళ్ళికూతురు గౌను ఎత్తిపట్టుకుని పరిగెత్తిన రోజూ ఉంది.

అలా మిల్లు చుట్టూ ఊరు పుట్టుకొచ్చింది. పిండి ఆడించుకునేవాడికి గుర్రానికి లాడం కావాలి, కమ్మరి వచ్చాడు. పిండికి పీపాలు కావాలి, పీపాలు చేసేవాడు వచ్చాడు. వంతు కోసం కాచుకునేవాడికి కాలక్షేపం కావాలి, సారా దుకాణం వచ్చింది. దాని పాపం కడుక్కోవడానికి చర్చి వచ్చింది. డెబ్భై ఇళ్ళయ్యాయి. కొత్తగా మాట నేర్చిన పిల్లలు అమ్మ తర్వాత "తింగ్" అనేవాళ్ళట.

సైలస్ వచ్చింది ఆ మంచి రోజుల్లోనే. ఇరవై నాలుగేళ్ళవాడు, భుజాలు గుమ్మానికి తగిలే మనిషి. మిల్లుకి దిగువన రంపం మిల్లు పెట్టాడు. రైలు వస్తోందని, పట్టాల కింద పరచడానికి దేవదారు దుంగలు కావాలని కబురొచ్చింది. వాగు పుట్టేచోట పెద్ద దేవదారు చిత్తడి ఉండేది. నడివేసవిలో కూడా అక్కడ కాలు పెడితే చెప్పులోకి నీళ్ళొచ్చేవి.

"ఆ చిత్తడి మన నీళ్ళకుండరా. పగలగొట్టకు," అన్నాడు ఆడమ్.

"చెట్లు నరికితే నీళ్ళు పోతాయా మామా? ఎండ తగిలి ఇంకా బాగా పారతాయి," అని నవ్వాడు సైలస్.

ఊరు కూడా నవ్వింది. ప్రతి ఇంటి నుంచీ ఒకడు గొడ్డలి పట్టుకుని సైలస్ వెంట పోయాడు. రెండు చలికాలాల్లో చిత్తడి మైదానమైపోయింది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటారే, డెబ్భై ఇళ్ళవాళ్ళు కలిసి కూర్చుని నరుక్కున్నారు.

మంచు కరిగినప్పుడు నీళ్ళన్నీ ఒక్క వారంలో వచ్చిపడి కట్ట తెంచేవి. వేసవికి వాగులో రాళ్ళు తేలేవి. మిల్లు వారానికి నాలుగు రోజులు ఆడింది, తర్వాత రెండు, తర్వాత వానలొస్తేనే. ఆ దుంగల మీద రైలు వచ్చింది సరే, ఇటు రాలేదు. ఐదు మైళ్ళు దక్షిణంగా పోయింది. అక్కడ స్టేషన్ పక్కన ఆవిరి మిల్లు లేచింది.

జనం పడమటన కొత్త భూములున్న మానిటోబాకి కొందరు, స్టేషన్ ఊరికి కొందరు సర్దుకున్నారు. మనుషులే కాదు, ఇళ్ళు కూడా వెళ్ళిపోయాయి. కింద దుంగలు పెట్టి, ఎడ్లు కట్టి మంచు మీద లాక్కుపోయారు. ఒకరోజు చర్చి వెళ్ళింది. ఇరవై జతల ఎడ్లు లాగుతుంటే, వెనక జనం కీర్తన పాడుకుంటూ నడిచారు. అది చూస్తూ ఆడమ్ మిల్లు గుమ్మంలో నిలబడ్డాడట. ఆ తర్వాత వచ్చిన వేసవిలో, వాగు ఎండి తిరగలి ఆగిపోయి ఉన్న ఒక మధ్యాహ్నం, తిరగలి రాయి మీద చెయ్యి వేసి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

మిగిలింది తబితా ఒక్కతే. మిల్లుకి ఎగువన కొండ మీద చిన్న ఇంట్లో. రెండు చేతికర్రలతో గానీ అడుగు పడేది కాదు. తిరగలి మోతకి చెవులు పోయాయని చెప్పుకునేది.

ఆ తర్వాతే గంట మోగడం మొదలైంది.

సైలస్ అప్పటికి స్టేషన్ ఊళ్ళో ఒక కాంట్రాక్టర్ దగ్గర మేస్త్రీ. అంతంత లావు పైన్ మానులు అడవిలో ఎక్కడా మిగల్లేదు కదా, హెస్లిప్ మిల్లు దూలాల మీద కాంట్రాక్టర్ కన్ను పడింది. మిల్లు విప్పి దూలాలు తెమ్మన్నాడు. కూలీలెవరూ కదల్లేదు.

"దెయ్యం దొరికితే నాకప్పజెప్పండ్రా," అన్నాడు సైలస్. "జోడు గుర్రాల పక్కన కట్టి దుంగలు లాగిస్తాను."

"నువ్వు ముందు చూసి రా మేస్త్రీ. నువ్వు లేదంటే లేదు. సోమవారం మేమే వచ్చి గునపాలు వేస్తాం," అన్నాడు మర్డో. అప్పట్లో వాడూ ఆ ముఠాలో కూలీ.

సరేనన్నాడు సైలస్. పైకి నవ్వాడు గానీ, అతను ఆ ఊరి దారి తొక్కి ఎనిమిదేళ్ళయింది. మిల్లు అంటే అతనికి దెయ్యం భయం లేదు. వేరే భయం ఉంది.

శనివారం. డిసెంబరు కదా, నాలుగున్నరకే చీకటి. లాంతరు పట్టుకుని వాగు వైపు నుంచి వచ్చాడు. మంచు మోకాలి లోతు ఉంది. గుమ్మం ముందు ఒక్క అడుగు లేదు... కుందేలుది కూడా లేదు.

కాంట్రాక్టర్ ఇచ్చిన తాళంచెవితో తాళం తీశాడు.

లోపల ఇంకా పిండి వాసన. ఎనిమిదేళ్ళయినా గోడలు వదల్లేదు. పళ్ళ చక్రాల మీద మంచు పొడి తెల్లగా పేరుకుని ఉంది. నిచ్చెన మెట్లెక్కాడు. ఒక్కో మెట్టూ మూలుగుతోంది.

రాళ్ళ అంతస్తు. తిరగలి, దాని మీద తొట్టి, తొట్టిలోకి పై అంతస్తు నుంచి దిగిన చెక్క తూము. ఎక్కడివక్కడే ఉన్నాయి.

లాంతరు ఎత్తి తొట్టిలోకి చూశాడు.

గోధుమలు.

పాతవి కాదు. ఈ ఏటి గింజలు, దుమ్ము లేనివి... పట్టీ మీద ఒక దోసెడు. గంట పైకి బిగిసి ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడే గింజల్లో ఏదో కదిలింది. రెండు చిన్న కళ్ళు మెరిశాయి. ఒక ఎలుక. దాని వెనక ఇంకోటి. తింటున్నాయి... గింజలు జారాయి... పట్టీ వదులైంది —

తింగ్.

అతని కాళ్ళు వాటంతటవే కదిలాయి. ఎనిమిదేళ్ళ తర్వాత కూడా, బుర్రతో పని లేకుండా, బస్తా కోసం మూల వైపు రెండడుగులు పరిగెత్తాయి. బస్తా లేదు. వట్టి మూల.

ఆగి, తనమీద తనే నవ్వుకున్నాడు. ఎలుకలు. ఇంతమంది మగాళ్ళని మలుపు దగ్గరే ఆపింది ఎలుకలు. సోమవారం చెబితే మర్డో మొహం ఎలా ఉంటుందో అనుకున్నాడు.

సగంలో నవ్వు ఆగిపోయింది.

దూరం నుంచి వినేవాళ్ళు గంటకి భయపడ్డారు. సైలస్‌కి ఆ తొట్టి సంగతి తెలుసు. జారిన గంట జారినట్టే ఉంటుంది. మళ్ళీ ఎవరో గింజలు పోసి పట్టీ బిగిస్తే తప్ప రెండోసారి మోగదు. ఎనిమిదేళ్ళుగా వారానికి రెండు మూడుసార్లు మోగుతోంది. అంటే...

తింటున్నది ఎలుకలు. పోస్తున్నది ఎవరు?

ఎంతసేపు అలా నిలబడ్డాడో తెలీదు, నెత్తి మీద చప్పుడైంది.

టక్.

కాసేపు ఏం లేదు. మళ్ళీ — టక్... ఏదో ఈడ్చిన చప్పుడు... టక్.

అది నడి దూలం దాటి, సరిగ్గా తూము పైకి వచ్చి ఆగింది. సైలస్ ఊపిరి లాంతరు వెలుగులో పొగలా లేస్తోంది. ఆ పొగ కూడా కనపడకూడదని నోరు మూసుకున్నాడట.

తూములోంచి ఒక గింజ పడింది.

తర్వాత రెండు... తర్వాత సన్నటి ధార. అతని కళ్ళ ముందే తొట్టి అడుగు నిండింది. తోలుపట్టీ బిగిసింది. జారిన గంట నెమ్మదిగా, ఎవరో చేత్తో ఎత్తినట్టు, పైకి లేచి ఆగింది.

సైలస్ తూము వైపు తలెత్తాడు. చివరికి గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది.

"ఎబెన్... నువ్వేనా?"

ధార ఆగిపోయింది.

"ఎబెన్ అయితే నన్నింత కష్టపడనిస్తాడా?" అంది పైనుంచి ఒక గొంతు. "ఎవర్రా అది కింద?"

ఆ గొంతు అతనికి తెలుసు. ఊరంతా పెద్దమ్మ అని పిలిచిన గొంతు.

"నేను... సైలస్‌ని పెద్దమ్మా."

"ఏ సైలస్? రంపం సైలస్సా?"

"ఆ."

"అయితే పైకి రా. లాంతరు తీసుకురా. నా దాంట్లో నూనె లేదు."

పైకెక్కాడు. తబితా ఒక సగం బస్తా మీద కూర్చుని ఉంది. రెండు కర్రలు పక్కన, ఒళ్ళో చిన్న బొక్కెన. వెనక కొండ వైపు తలుపు తెరిచి ఉంది. అక్కడి నుంచి ఆమె ఇంటి దాకా మంచు మీద కర్రల గుంటలు, ఈడ్చిన అడుగులు. ఆ తలుపు సంగతి ఎలా మర్చిపోయానా అని నుదురు కొట్టుకోవాలనిపించింది అతనికి.

"నీకు చెవుడు కదా?"

"వినబుద్ధి కానివి వినపడవు. గంట వినపడుతుంది."

"పెద్దమ్మా, అది ఎలుకలు. కిందెవరూ రావడం లేదు. ఎలుకలు తినిపోతున్నాయి."

"ముప్పై ఎనిమిదేళ్ళు మిల్లుని ఊడ్చినదాన్ని, ఎలుకంటే ఏంటో నువ్వు చెప్పాలా నాకు?"

"మరెందుకు పోస్తున్నావు?"

ఆమె అతన్ని, పాఠం మర్చిపోయిన పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. "గంట మోగితే ఏం చెయ్యాల్రా?"

"పరిగెత్తి గింజలు పొయ్యాలి," అన్నాడు. నోరు దానంతటదే అంది.

"నేను పరిగెత్తలేను. నడిచొస్తున్నాను."

బొక్కెనలో మిగిలిన నాలుగు గింజలు అరచేతిలోకి వంపుకుని, మళ్ళీ బొక్కెనలో వేసింది. "ఆ గంట మోగిందంటే ఈ ఊళ్ళో ఈ పూట ఎవరో ఒకరు తిన్నారని. ఎలుకైతేనేం. మంచం మీద పడుకుని అది వింటే నాకు నిద్ర పడుతుంది. వినపడని రోజున ఎబెన్ కనపడతాడు... కోటు లేకుండా."

సైలస్ కింద కూర్చుండిపోయాడు. ఆమె మణికట్లు చూశాడు. పిట్ట కాళ్ళలా ఉన్నాయి. ఇంటి వెనక ఇంత గోధుమ చల్లుకుంటుందని అందరికీ తెలుసు. ఆ కొంచెం ఎటు పోతోందో అప్పుడర్థమైంది.

"నువ్వేం తింటున్నావు పెద్దమ్మా?"

"మిగిలింది."

ఆమెకి చెప్పకుండానే పోవచ్చు. అయినా చెప్పాడు. "సోమవారం మిల్లు విప్పడానికి వస్తున్నాం. దూలాలకి. నేనే మేస్త్రీని."

ఆమె తలెత్తి నడి దూలాన్ని చూసింది. కర్రతో దాన్ని ఒకసారి తాకింది.

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటారా ఎవరైనా?" అంది. కర్ర దించి, "మంచి దూలాలే. ఎందుకు అడగరు," అంది.

అప్పుడు సైలస్ ఏడ్చాడు. ఇది నాకు చెప్పేటప్పుడు ప్రతిసారీ గోడ వైపు తిరిగేవాడు. "చిత్తడి నరికింది నేను పెద్దమ్మా. ఆడమ్ మామ వద్దన్నా నరికాను. ఈ ఊరిని చంపింది నేను."

"నువ్వొక్కడివేనా గొడ్డలి పట్టింది? అంత మొనగాడివా?" అంది ఆమె. "ఆ ఏడు నేనూ ఆ దుంగల డబ్బుతో నా కిటికీలకి అద్దాలు పెట్టించుకున్నాను. మా అన్న వద్దు వద్దంటుంటే ఊరుకోరా ముసలోడా అన్నాను. అద్దాలు బాగుంటాయి కదరా... బయటంతా కనపడుతుంది. ఒక్కో ఇల్లు వెళ్ళిపోవడం ఆ అద్దాల్లోంచే చూశాను."

గాలికి కొండ తలుపు కొట్టుకుంది. ఆమె కర్రలు అందుకుని లేచింది.

"నువ్వు పోయేముందు ఇంట్లోంచి ఆ గోధుమ బస్తా ఇక్కడికి ఎత్తిపెట్టు. బొక్కెనతో మోసుకు రావడం నా వల్ల కావడం లేదు. సోమవారం దాకా అందుబాటులో ఉంటుంది."

అతను బస్తా వీపున వేసుకుని తెచ్చాడు. ఎబెన్ మోసినట్టే మోశానేమో అనుకున్నాడట, మంచులో.

సోమవారం కూలీలు గునపాలతో, గుర్రాలతో మలుపు దగ్గర కాచుకుని ఉన్నారు. సైలస్ రాగానే అందరూ అతని మొహం చూశారు.

"ఉంది," అన్నాడు సైలస్.

కూలీలు భుజాల మీంచి గునపాలు దించారు.

"నా కళ్ళ ముందు గింజలు పైనుంచి వచ్చి తొట్టిలో పడ్డాయి. గంట దానంతటది పైకి లేచింది. పోసిన చెయ్యి నాకు కనపడలేదు."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే అతని గొప్ప.

"దాంతో దుంగలు లాగిస్తానన్నావు కదా మేస్త్రీ?" అన్నాడు మర్డో. గొంతులో ఎగతాళి ఉంది గానీ కాళ్ళు వెనక్కి నడుస్తున్నాయి.

"నేను దాన్ని పట్టుకోలేదురా. అదే నన్ను పట్టుకుంది."

ఆ రోజుతో మేస్త్రీ పని పోయింది. స్టేషన్ ఊళ్ళో పిల్లలు "దెయ్యం సైలస్" అని వెంటపడేవాళ్ళు. ఒక్కమాట చెబితే నిలిచే పరువు, చెప్పలేదు. మిల్లు మాత్రం నిలబడింది.

ఈ నిజం ఇంత వివరంగా నాకెలా తెలుసు అంటారా? ఆ పని పోయిన చలికాలం నుంచి సైలస్ ప్రతి శనివారం చీకటి పడగానే ఏదో మూట భుజాన వేసుకుని మాయమయ్యేవాడు. అర్ధరాత్రి దాటాక మంచు తొక్కుకుంటూ వచ్చేవాడు. ఎక్కడికంటే చెప్పడు. అనుమానం పెనుభూతం అన్నారు. ఆడదెవరో ఉందని తేల్చుకుని, ఒక శనివారం నేను వెనకాలే వెళ్ళాను. ఉంది. డెబ్భై మూడేళ్ళది.

"నువ్వేనా ఫీబీవి?" అంది తబితా పెద్దమ్మ నన్ను చూసి. "నీ మొగుడు కట్టెలు సరిగా కొట్టడం లేదు. నువ్వైనా చెప్పు."

అవును, సైలస్ పొలాక్ నా భర్త. ఆ రాత్రి నుంచి శనివారం మూట ఇద్దరం మోశాం. ఒకటిన్నర ఏడాదికి, మార్చి నెలలో, పెద్దమ్మ పోయింది. ఆమెని ఎబెన్ పక్కన పెట్టి వస్తుండగా మిల్లులో గంట మోగింది. సైలస్ నావైపు చూశాడు. తర్వాత పరిగెత్తాడు.

ఆ ఇల్లు మాకే వదిలిపోయింది పెద్దమ్మ. అక్కడికే మారిపోయాం. తొమ్మిదేళ్ళు సైలస్ గింజలు పోశాడు. పెరట్లో గోధుమ చల్లాడు, చిత్తడి ఉండిన చోట దేవదారు మొక్కలు నాటాడు. అవి ఇప్పుడు నా భుజం దాకా వచ్చాయి. వాగు వచ్చేలోపు మనం ఉండం కదయ్యా అంటే, "వాగు ఉంటుంది కదే," అనేవాడు. పోయిన చలికాలం అతనూ వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి నేను పోస్తున్నాను. నిజం చెప్పాలంటే, మొదట్లో అతని మీద బెంగతో పోశాను. తర్వాత నాకూ అది వినకపోతే నిద్ర పట్టడం మానేసింది.

ఈ ఏడు మొదటి మంచుకే కొండదారిలో జారిపడ్డాను. తుంటి విరిగింది. నాలుగు వారాలుగా మంచం మీదే. మర్డో పగటిపూట పాలు, రొట్టె, కట్టెలు లోపల పెట్టి పోతున్నాడు. కాస్త మిల్లులోకి వెళ్ళి ఒక బొక్కెనెడు గింజలు పోసి రారా అని అడిగాను. చేతిలో రొట్టె కింద పడేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ రెండు రోజులు రాలేదు. వాణ్ణి తప్పు పట్టను.

నేను పడిన మూడో రోజు గంట మోగింది. నేను చివరిసారి పోసిన గింజలవి. ఎలుకలు తినేశాయి. ఇక అదే ఆఖరని తెలుసు. దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను — పెద్దమ్మా, గంట మోగింది, నేను రాలేకపోతున్నాను అని.

ఆ శనివారం మళ్ళీ మోగింది.

మంగళవారం మోగింది. నిన్న రాత్రి మోగింది.

పెద్దమ్మ పెట్టించుకున్న అద్దాల్లోంచి కొండ తలుపు దాకా దారంతా కనపడుతుంది. పొద్దున్న లేచి చూస్తాను. మంచు పరిచిన దుప్పటిలా ఉంది. ఒక్క అడుగు లేదు, ఒక్క కర్ర గుంట లేదు.

భయం వేసిందా అంటే, మొదటి రాత్రి వేసింది. ఇప్పుడు వెయ్యడం లేదు. ఎబెనో, పెద్దమ్మో, సైలసో — వాళ్ళ ముగ్గురిలో ఎవరో నేను కనుక్కోదలచుకోలేదు. ఎవరైనా ఇంత చలిలో కష్టపడుతున్నారు పాపం. తుంటి కాస్త కుదురుకున్నాక ఒక బస్తా మాత్రం తూము దగ్గర ఎత్తిపెట్టి రావాలి... వాళ్ళకి అందుబాటులో ఉంటుంది.